‘కోరలైన్’ చదివినవారు: బాలల గోథిక్ నవలకు వచ్చిన స్పందనల సమీక్ష

పిల్లల కోసమని అచ్చువేసి అమ్మిన భయానక నవలను పిల్లలు ఒక రకంగానూ పెద్దలు మరొక రకంగానూ చదవడం ఆంగ్ల సాహిత్యంలో కొత్త కాదు గాని, ఆ తేడా నీల్ గైమన్ రాసిన ‘కోరలైన్’ విషయంలో తేలినంత స్పష్టంగా తేలిన సందర్భాలు అరుదు. 2002లో బ్రిటన్‌లో బ్లూమ్స్‌బరీ, అమెరికాలో హార్పర్‌కాలిన్స్ సంస్థలు డేవ్ మెకీన్ బొమ్మలతో వెలువరించిన ఈ చిన్న నవల, బాలల రచనలకిచ్చే బ్రామ్ స్టోకర్ పురస్కారంతో పాటు, పెద్దలు ఓటు వేసి సాధారణంగా పెద్దల కథలకే ఇచ్చే హ్యూగో, నెబ్యులా పురస్కారాలను కూడా అందుకుంది. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకని చెప్పి అమ్మిన పుస్తకాన్ని పెద్దలు ఇంతగా మెచ్చుకోవడం, ఆ పెద్దలే దీన్ని పిల్లల చేతికి ఇవ్వవచ్చునా అని వెనకాడడం ఒకే కాలంలో జరిగాయి. ఈ మెప్పూ ఈ జంకూ ఒకే మూలం నుంచి పుట్టాయన్నదీ, పిల్లల భయాన్ని గురించి పోగైన సాక్ష్యంలో అధికభాగం పెద్దల నోట వచ్చినదేనన్నదీ ఇక్కడ ప్రధానంగా పరిశీలించవలసిన విషయాలు.

కథ స్థూలంగా ఇది. ఒక పాత భవంతిని వాటాలుగా విడగొట్టగా, అందులో ఒక వాటాలోకి తల్లిదండ్రులతో కలిసి కొత్తగా దిగిన కోరలైన్ అనే అమ్మాయికి, ఇంట్లోనే పనిలో మునిగి ఉండే ఆ తల్లిదండ్రుల తీరిక అందదు. వాడకంలో లేని పెద్దగదిలో, తెరిస్తే ఇటుకల గోడ తప్ప మరేమీ కనిపించని తలుపు ఒకటి ఉంటుంది; ఒకనాడు ఆ ఇటుకలు మాయమై, అవతల తమ ఇంటినే పోలిన ఇల్లూ, అందులో తన తల్లినే పోలి, కళ్ళుండవలసిన చోట నల్లని బొత్తాలు గల ‘మరో అమ్మ’ కనిపిస్తారు. అక్కడి తిండి రుచిగా ఉంటుంది, ఆటబొమ్మలకు ప్రాణం ఉంటుంది, పెద్దలకు బోలెడంత తీరిక ఉంటుంది. అక్కడే ఉండిపోవాలంటే మాత్రం కోరలైన్ తన కళ్ళ మీద కూడా బొత్తాలు కుట్టించుకోవాలి. అందుకు ఒప్పుకోక తిరిగివచ్చిన ఆ అమ్మాయి, తన తల్లిదండ్రులు అపహరణకు గురయ్యారని గ్రహించి, వారినీ, అంతకుముందు అదే వలలో చిక్కి ప్రాణాలు పోగొట్టుకున్న ముగ్గురు పిల్లల ఆత్మలనూ విడిపించడానికి మళ్ళీ ఆ తలుపు దాటడమే మిగిలిన కథ.

దీనిని గోథిక్ నవల అనడానికి కారణాలు స్పష్టమే. హోరేస్ వాల్పోల్ 1764లో ‘ఒట్రాంటో దుర్గం’తో ప్రారంభించిన ఈ కథాశాఖలో, పాడుబడ్డ కట్టడం, మూసిన తలుపు, చెరలో పడిన అమాయకురాలు, చచ్చినా ఇల్లు విడవని గతం అనేవి తప్పనిసరి సామగ్రి. 1790ల నాటికి ఆన్ రాడ్‌క్లిఫ్ చేతిలో ఇది ఆనాటి పడుచుల అభిమాన పఠనంగా మారగా, పత్రికా విమర్శకులు ఈ పుస్తకాలు ఆడపిల్లల బుద్ధిని చెరుపుతున్నాయని మొరపెట్టుకున్నారు. జేన్ ఆస్టిన్ ‘నార్తాంగర్ ఆబీ’లో పదిహేడేళ్ళ కేథరిన్ తాను చదివిన నవలల కళ్ళతోనే తాను బస చేసిన ఇంటిని చూసి భంగపడడం ఆ వాదానికి సాహిత్యరూపం. అయితే ఆ నవలను జాగ్రత్తగా చదివితే, కేథరిన్ ఊహించుకున్న హత్య అబద్ధమే అయినా ఆ ఇంటి యజమాని క్రూరుడన్న ఆమె అనుమానం తప్పు కాలేదని తెలుస్తుంది. అంటే భయం కల్పించిన కథ ఆ చిన్నదానికి లోకం గురించి ఎంతో కొంత నిజమే చెప్పిందని ఆస్టిన్ కూడా ఒప్పుకున్నట్టే లెక్క. మరణానంతరం 1826లో అచ్చయిన ఒక వ్యాసంలో రాడ్‌క్లిఫ్, రాబోయే కీడును అస్పష్టంగా సూచించి మనస్సును మేల్కొలిపే భీతినీ, కీడును కళ్ళెదుట పెట్టి మనస్సును గడ్డకట్టించే జుగుప్సతో కూడిన భయాన్నీ వేరుచేసి, మొదటిదానినే మేలైనదిగా ఎంచింది. ‘కోరలైన్’లో నెత్తురు దాదాపు కనిపించదన్నదీ, నవల నడక అంతా ఆ మొదటి రకం భీతి మీదనే ఆధారపడిందన్నదీ ఇక్కడ గుర్తుంచుకోవాలి.

పిల్లలను భయపెట్టే కథల మీద పెద్దల అభ్యంతరం గోథిక్ కన్నా పాతది. దయ్యాల కథలు చెప్పి పసివాళ్ళను బెదిరించే పనివాళ్ళ నుంచి పిల్లలను దూరంగా ఉంచాలని జాన్ లాక్ 1693లోనే, విద్యను గురించిన తన గ్రంథంలో హెచ్చరించాడు. ఈ ఆందోళన చట్టం దాకా వెళ్ళిన ఘట్టం మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో స్కాట్లండ్‌లో కనిపిస్తుంది. 1954 సెప్టెంబరులో గ్లాస్గో నగరపు గోర్బల్స్ పేటలో, ఇనుప పళ్ళ రక్తపిశాచి ఒకటి ఇద్దరు పిల్లలను తినేసిందన్న పుకారు పుట్టి, వందలాది పిల్లలు కర్రలూ కత్తులూ పట్టుకుని దక్షిణ శ్మశానవాటికలోకి దానిని వేటాడడానికి చొరబడ్డారు. నేరం వెంటనే అమెరికన్ హారర్ కామిక్ పుస్తకాల మీద పడింది. అప్పటికే వాటిపై సాగుతున్న ఉద్యమానికి ఈ సంఘటన బలమిచ్చింది. 1955లో బాలలకు హానికరమైన ప్రచురణలను నిషేధిస్తూ బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. ఇనుప పళ్ళ పిశాచి మాత్రం కామిక్‌ల నుంచే వచ్చిందని తేలలేదు. అలాంటి దంతాలుగల రాక్షసి స్కాట్లండ్ పాతకాలపు పద్యంలో ఉంది, ఇనుప పళ్ళ మృగం బైబిలులోని దానియేలు గ్రంథంలో ఉంది. రెండూ పెద్దలే పిల్లలకు నేర్పదగినవిగా ఎంచినవి. అంతకన్నా గమనించదగినది, ఆ పిల్లలు భయపడి మంచాల కింద దాక్కోకుండా గుంపుగా శ్మశానానికి వెళ్ళడం. అప్పటి చర్చలో ఈ సంగతికి దక్కవలసినంత శ్రద్ధ దక్కలేదు.

‘కోరలైన్’ చుట్టూ అల్లుకున్న చర్చలో అన్నిటికన్నా ప్రచారం పొందిన అభిప్రాయం స్వయంగా రచయితదే. పిల్లలు దీనిని సాహసకథగా చదువుతారనీ, పెద్దలు మాత్రం ఒక పసిపిల్ల ఆపదలో పడిన కథగా చదివి పీడకలలు తెచ్చుకుంటారనీ గైమన్ అనేకసార్లు చెప్పాడు. సమీక్షకులూ గ్రంథపాలకులూ ఈ మాటను ఎంతగా అందిపుచ్చుకున్నారంటే, అది నవలకు అనుబంధంగా, వెనకాడే తల్లిదండ్రులకు ధైర్యవచనంగా స్థిరపడిపోయింది. పిల్లలు భయపడరన్న ఆ నమ్మకం వెనుక ఉన్న ఒక వృత్తాంతం కూడా గైమన్ చెప్పినదే. రాతప్రతి చదివిన ఆయన ఏజెంటు ఇది పిల్లలకు పనికిరానంత భయంకరంగా ఉందని అభిప్రాయపడగా, ఇంట్లో తన కూతురికి చదివి వినిపించి చూడమని ఏజెంటును గైమన్ కోరాడు. ఆ అమ్మాయి తనకేమీ భయం వేయలేదని చెప్పడంతో ఆ రాతప్రతి బాలల విభాగపు సంపాదకుల చేతికి వెళ్ళింది. ఆ అమ్మాయి పెద్దదయ్యాక అసలు సంగతి బయటపెట్టింది: వింటున్నంతసేపూ ఆమెకు ప్రాణాలు పైపైనే ఉన్నాయి, కాని ఆ మాట పైకి అంటే చదవడం ఆపేస్తారేమోననీ, కథ చివరికి ఏమయిందో తెలియకుండా పోతుందేమోననీ నోరు మెదపలేదు.

ఈ వృత్తాంతాన్ని సాధారణంగా ఒక ముచ్చటగానే చెప్పుకుంటారు. నిజానికి ఇది ఈ మొత్తం ప్రశ్నకే కీలకం. పిల్లల స్పందనను పెద్దలు అడిగి తెలుసుకున్నప్పుడు, ఆ జవాబు మీద పుస్తకం ఉండడమా పోవడమా అన్నది ఆధారపడి ఉందని పిల్లలకు తెలుసు. అందువల్ల ‘భయం వేయలేదు’ అన్న మాట భయం లేదనడానికి రుజువు కాదు, చదవడం ఆగకూడదన్న కోరికకు రుజువు. భయమూ, కొనసాగించాలన్న పట్టుదలా ఒకే మనస్సులో ఒకే సమయంలో ఉండగలవన్న సంగతిని, భయపడితే హాని, భయపడకపోతే క్షేమం అని లెక్కవేసే పెద్దల ప్రశ్న పట్టుకోలేకపోయింది. నవల ఈ విషయంలో తనను సమర్థించే వ్యాఖ్యాతల కన్నా నిజాయితీగా ఉంది. రెండోసారి ఆ తలుపు వైపు నడుస్తూ కోరలైన్ తనకు తోడు వచ్చిన పిల్లికి ఒక పాత సంగతి చెబుతుంది: చిన్నప్పుడు నాన్నతో వెళ్ళినచోట కందిరీగల తుట్టె కదిలితే, కూతురిని పరుగెత్తమని చెప్పి ఆయన కాట్లు తిన్నాడు, ఆ తరువాత పడిపోయిన కళ్ళజోడు కోసం మళ్ళీ అక్కడికి వెళ్ళాడు. కూతురిని కాపాడినప్పుడు ఆయనకు వేరే ఆలోచన లేదు గనుక అది ధైర్యం కాదనీ, అంతా తెలిసి, భయపడుతూనే రెండోసారి వెళ్ళడమే ధైర్యమనీ ఆయన ఆమెకు వివరిస్తాడు. ఇంత స్పష్టంగా భయాన్నే ధైర్యానికి షరతుగా పెట్టిన పుస్తకం గురించి, పిల్లలకు ఇందులో భయమే కనిపించదని చెప్పడం ఆ పుస్తకాన్ని తక్కువచేయడమే.

గైమన్ మాటలో మొదటి సగాన్ని ఇలా సవరించుకున్నా, పెద్దలకు భయం వేస్తుందన్న రెండో సగం నిలుస్తుంది. దానికి కారణాన్ని పాఠక ప్రతిస్పందన సిద్ధాంతం బాగా చెబుతుంది. అర్థం పుస్తకంలో ముందే నిలవ ఉండదనీ, పాఠకునికీ పాఠానికీ నడుమ జరిగే ఇచ్చిపుచ్చుకోవడంలో పుడుతుందనీ వాదించే ఈ సిద్ధాంతానికి పునాది వేసినవారిలో ముఖ్యురాలైన లూయీజ్ రోజెన్‌బ్లాట్, 1978 నాటి తన గ్రంథంలో రెండు రకాల పఠనాలను వేరుచేసింది: చదివాక చేతికి దక్కే సమాచారం కోసం చదవడం ఒకటి, చదువుతున్నప్పుడే కలిగే అనుభవం కోసం చదవడం మరొకటి. పిల్లలకు తగునా తగదా అని తేల్చడానికి పుస్తకం తెరిచిన పెద్ద మొదటి పద్ధతిలో చదువుతాడు. అతడు కోరలైన్ పక్కన కాక, ఆమె ఎక్కడికి పోయిందో తెలియని తల్లిదండ్రుల స్థానంలో నిలబడతాడు. ఆ తల్లిదండ్రులకు కథలో చేయగలిగినది ఏమీ లేదు గనుక అతని భయానికి విడుదల కూడా దొరకదు. పిల్ల పాఠకురాలికి అలా కాదు. ఆమె ఏది చేయాలో ఎప్పటికప్పుడు కోరలైన్‌తో కలిసి నిర్ణయిస్తూ ఉంటుంది.

బొత్తాల ఘట్టాన్నే తీసుకుంటే ఇది మరింత తేటపడుతుంది. వంటింటి బల్ల మీద పింగాణీ పళ్ళెంలో నల్లదారపు ఉండ, పొడవైన వెండి సూది, రెండు పెద్ద నల్ల బొత్తాలు పెట్టి ఉంటాయి. నొప్పి పుట్టదని ‘మరో నాన్న’ నచ్చచెబుతాడు. సూదినీ కంటినీ పక్కపక్కన చూసిన పెద్ద పాఠకుని ఒళ్ళు జలదరిస్తుంది. కోరలైన్‌కు మాత్రం, నొప్పి పుట్టదని పెద్దవాళ్ళు చెప్పినప్పుడల్లా పుట్టితీరుతుందని అనుభవం. సూదిమందు వేయించుకున్న ఏ పిల్లకైనా ఈ వాక్యం తన జీవితంలోనిదే. ఆ తరహా మాటను పోల్చుకోగలిగినందుకు కలిగే విజయభావం ఆ క్షణంలో భయానికి తోడుగా నిలుస్తుంది.

విద్వాంసుల చర్చలో చాలా భాగం ఫ్రాయిడ్ 1919లో రాసిన ‘అన్‌క్యానీ’ వ్యాసం చుట్టూ తిరుగుతుంది. బాగా ఎరిగినది, మన ఇంటిదే అయినది ఉన్నట్టుండి పరాయిదిగా తోచినప్పుడు కలిగే గగుర్పాటుకు ఆయన వాడిన పేరు అది. అందుకు ఉదాహరణగా ఆయన ఎంచుకున్నది పిల్లల కళ్ళు ఎత్తుకుపోయేవాని గురించిన హాఫ్‌మన్ కథ కావడం వల్ల, బొత్తాల కళ్ళ తల్లిని ఆ వ్యాసంతో ముడిపెట్టడం విమర్శకులకు సహజమైంది. 2008లో డేవిడ్ రడ్, రిచర్డ్ గుడింగ్, కేరన్ కోట్స్ వేర్వేరుగా ప్రచురించిన వ్యాసాలు ఈ మార్గంలోనివే. పెద్దయ్యాక వదిలించుకున్న నమ్మకాలు తిరిగి తలెత్తినప్పుడు ఈ గగుర్పాటు కలుగుతుందని ఫ్రాయిడ్ చెప్పడంతో పాటు, బొమ్మకు ప్రాణం వస్తే పిల్లలు జడవరనీ, పైగా అదే కోరుకుంటారనీ కూడా గమనించాడు. అందువల్ల ఆ నమ్మకాలను ఇంకా వదిలించుకోని ఎనిమిదేళ్ళ పాఠకురాలికి కలిగే భయం, ఆమె తల్లికి కలిగే భయం ఒకే జాతివి కావు. ఎవరి భయం ఎక్కువ, ఎవరిది తక్కువ అన్న పోలికకే అందువల్ల పెద్దగా అర్థం లేదు. కోట్స్ వాదంలో ఇలాంటి కథ పిల్లల లోలోపలి కలతలకు ఒక బయటి రూపమిచ్చి వాటిని ఎదుర్కొనే వీలు కల్పిస్తుంది. జానపద కథల గురించి బ్రూనో బెటిల్‌హైమ్ 1976లో చేసిన వాదానికి ఇది బంధువే. ఆ వాదానికున్న బలహీనత కూడా దీనికి ఉంది, కథ పిల్లలకు ఏం చేస్తుందో ఇందులో పెద్దలు పాఠం నుంచి ఊహించి చెప్పారే తప్ప చదివిన పిల్లల మాటల నుంచి నిర్ధారించలేదు.

ఇవేవీ కాకుండా, భయం సంగతి పక్కనపెట్టి నవల నీతినే ప్రశ్నించిన స్పందన స్త్రీవాద విమర్శ నుంచి వచ్చింది. ఎలిజబెత్ పార్సన్స్, నారా సాయర్స్, కేట్ మెకినలీ కలిసి రాసిన 2008 నాటి వ్యాసం, శక్తీ కోరికా గల తల్లిని రాక్షసిగా చిత్రించడంలోనూ, అమ్మాయిని చివరికి సర్దుకుపోయే మార్గంలో పెట్టడంలోనూ ఉన్న రాజకీయాన్ని ఎత్తిచూపింది. ఈ అభ్యంతరం బలమైనదే. అయితే నవలలోని అసలు తల్లి కేవలం మంచితల్లి బొమ్మ కాదు. పిల్ల కోరిన మెరిసే ఆకుపచ్చ చేతితొడుగులు కొనకుండా బడికి పనికివచ్చే బూడిదరంగు బట్టలు కొనే, తన పని తాను చేసుకునే మనిషి. కోరినవన్నీ సమకూర్చే ప్రేమ కన్నా, పిల్ల కన్నా వేరే జీవితం గల తల్లే సురక్షితమన్న సూచన ఇందులో ఉండగా, నవల మొత్తాన్నీ మాతృద్వేషంగా తేల్చడం కొంత తొందరపాటు.

తెలుగు పాఠకులకు ఈ నవలలో అన్నిటికన్నా గట్టిగా తగిలేది కూడా ఈ తల్లి సంగతే కావచ్చు. భయం తెలుగు పిల్లల పుస్తకాలకు పరాయిది కాదు. శ్మశానంలో శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టి నడిచే విక్రమార్కుడిని శంకర్ గీసిన బొమ్మ దశాబ్దాల పాటు ‘చందమామ’ బేతాళ కథలకు తలమానికంగా ఉన్నా, దానిని పిల్లలకు తగని బొమ్మగా ఎంచి చందమామను ఇంట్లోకి రానివ్వనివారు అరుదు. అక్కడ భయం ఊరిచివర ఉంటుంది, కథ ముగిసేసరికి ధర్మసందేహంగా మారుతుంది. అన్నం తినని పిల్లలకు చూపించే బూచి కూడా గుమ్మం బయటివాడే. వాడి పేరు చెప్పగానే పిల్ల అతుక్కునేది అమ్మనే. గోథిక్ ఈ ఏర్పాటును తిరగేసి, గుమ్మం లోపలనే, అమ్మ గొంతుతోనే బూచిని మాట్లాడిస్తుంది. శ్మశానం బొమ్మకు జంకని ఇంట్లోనే ‘కోరలైన్’ పట్ల జంకు పుట్టడం ఈ కారణం చేత అర్థం చేసుకోదగినది.

మాటల భయం, బొమ్మల భయం వేరువేరుగా పనిచేస్తాయన్నది ఈ చర్చలో తరచుగా మరుగునపడే విషయం. టెలివిజన్, సినిమాలకు పిల్లలు భయపడే తీరును పరిశోధించిన జోయన్ క్యాంటర్ చూపినట్టు, మరీ చిన్నపిల్లలు వికృతరూపం చూసి జడుస్తారు. ఏడెనిమిదేళ్ళు దాటాక, నిజంగా జరగగలదనిపించే కీడు వారిని ఎక్కువగా కలవరపెడుతుంది. పుస్తకంలో రూపాన్ని ఎవరి శక్తికొద్దీ వారు ఊహించుకుంటారు, పేజీ మూసే అధికారం కూడా వారిదే. హెన్రీ సెలిక్ 2009లో తీసిన సినిమాలో ఆ రెండూ పోయాయి. సినిమాకు వచ్చిన అభ్యంతరాల్లో గట్టిది మాత్రం భయాన్ని గురించి కాదు. కోరలైన్ తనలో తాను మాట్లాడుకోకుండా ఉండేందుకని సెలిక్ చేర్చిన వైబీ అనే అబ్బాయి పతాకఘట్టంలో ఆమెకు సాయపడతాడు. నవలలో, తెగిపడినా వెంటాడే ‘మరో అమ్మ’ చేతిని కోరలైన్ ఒక్కతే, బొమ్మల విందు నటిస్తూ పాతబావిలో పడేటట్టు చేస్తుంది. ఆ ఒంటరితనాన్ని సినిమా ఆమె నుంచి లాగేసుకుందని పుస్తకాన్ని ప్రేమించినవారు బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనది, ఎందుకంటే భయాన్ని సహించినందుకు పాఠకురాలికి దక్కే ప్రతిఫలమే ఆ ఒంటరి ఉపాయం. బొమ్మల భయానికి సంబంధించిన సంఘటన మరొకటి ఉంది. ఆల్విన్ ష్వార్ట్జ్ భయానక కథాసంపుటాలకు స్టీఫెన్ గామెల్ వేసిన బొమ్మల మీద అమెరికన్ తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి ఫిర్యాదు చేసి, 1990లలో ఆ దేశపు గ్రంథాలయాల్లో అత్యధిక అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాలుగా వాటిని నిలబెట్టారు. 2011లో ప్రచురణకర్తలు వాటి స్థానంలో మెత్తని బొమ్మలు వేయగా, చిన్నప్పుడు వాటికి జడిసిన పాఠకులే పెద్దవాళ్ళయి నిరసన తెలిపారు. పాత బొమ్మలు కొన్నేళ్ళకు తిరిగివచ్చాయి.

వయసు ముద్ర ఈ చిక్కును పరిష్కరించలేదు. 2008లో బ్రిటిష్ ప్రచురణకర్తలు పిల్లల పుస్తకాల అట్టల మీద వయసు సూచన అచ్చువేయబోగా, ‘కోరలైన్’ను వెలువడినప్పుడే పత్రికాముఖంగా మెచ్చుకున్న ఫిలిప్ పుల్మన్ ముందుండి ఎందరో రచయితలను ఆ ప్రతిపాదనకు వ్యతిరేకంగా కూడగట్టాడు. ముద్ర అమ్మకందారుకు ఉపయోగపడుతుంది; ఏ పిల్ల ఏ రాత్రి ఏ పేజీ దగ్గర ఆగుతుందో అది చెప్పదు. ఆ పేజీ గురించి శిక్ష లేకుండా మాట్లాడే వీలు కల్పించే పెద్ద పక్కనుంటే, ఏజెంటు కూతురిలా అబద్ధం చెప్పవలసిన అవసరం పిల్లలకు ఉండదు.

2024 నుంచి ఈ స్పందనల మీద మరో నీడ పడింది. గైమన్ మీద పలువురు స్త్రీలు లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు చేశారు. సమ్మతి లేని సంబంధమేదీ తనకు లేదని ఆయన వాటిని ఖండించాడు. బ్రిటన్‌లో 2025లో వేదికకెక్కవలసిన ‘కోరలైన్’ సంగీతనాటకాన్ని నిర్మాతలు విరమించుకున్నారు. చిన్ననాడు ఈ నవలలో ధైర్యం నేర్చుకున్నామని చెప్పుకునే తరం, తమ పిల్లలకు పుస్తకాలు ఎంచవలసిన వయసుకు సరిగ్గా ఈ సమయంలోనే వచ్చింది. పెద్దల తీపిమాటలను నమ్మవద్దని చెప్పే కథ గనుకనే ఈ వార్త తమను మరింత గాయపరిచిందని కొందరు పుస్తకాన్ని పక్కనపెడుతుండగా, తాము చదివిన కథ రచయిత సొత్తు కాదని మరికొందరు దానిని దగ్గరే ఉంచుకుంటున్నారు. గ్రంథాలయపు అరలో దానిని మొదటిసారి చూసే పదేళ్ళ పిల్లకు ఈ వివాదమేదీ తెలియదు. పుస్తకం ఆమె చేతికి అందాలా వద్దా అన్న నిర్ణయం లాక్ కాలంలో లాగే ఇప్పుడూ, ఆమెను అడగకుండానే జరుగుతోంది.